మంగళం పాడని దిబ్బ

బోగోలు దాటి సముద్రం వైపు పోతే, కాలువకూ జాలర్ల పాలేనికీ నడుమ ఒక ఇసుకదిబ్బ ఉంది. పగటిపూట చూస్తే అందులో భయపడాల్సిందేమీ లేదు. ఒక పక్క సరుగుడు తోపు, ఇంకో పక్క ఆడవాళ్ళు చేపలు ఎండబోసుకునే చదును. మేకలు కూడా ఎక్కి తిరుగుతుంటాయి. కానీ పొద్దు వాలాక, ఆ మేకల్లో ఒకటి తప్పిపోయినా సరే, దిబ్బ ఎక్కి వెతికే మగాడు పాలెంలో లేడు.

ఎందుకంటే — అక్కడ పాట వినిపిస్తుంది.

ఆడగొంతు. జోలపాట. మధ్యమధ్య గాజుల చప్పుడు... ఆ తర్వాత చాలాసేపు ఏమీ ఉండదు. అమ్మయ్య, అయిపోయిందనుకునేలోపు మళ్ళీ మొదటినుంచీ అదే పాట.

ఒక కల్లుగీసేవాడు ఆ పాట విని కుండ అక్కడే పారేసి పరుగెత్తాడట. మూడు రోజులు నోట మాట లేదని ఊరంతా చెప్పుకున్నారు. నిండు కుండ పోయిన బాధకు మాట పడిపోయి ఉంటుందని నేనన్నాను. ఎవరూ నవ్వలేదు.

నేను బోగోలులో పెట్రోమాక్సు లైట్లు అద్దెకిచ్చేవాణ్ణి. పెళ్ళిళ్ళకు, తిరణాళ్ళకు, నాటకాలకు. అందరూ నన్ను లైట్లన్న అనేవారు. వెలుతురు మీద బతికేవాడు దెయ్యాలను నమ్మితే పూట గడవదు. చీకట్లో ఎవరికి ఏం కనపడిందన్నా, "పంపు కొట్టి వెలుతురు పెంచరా, పోతుంది" అనేవాణ్ణి.

ఈ కథలో నేను చూసింది సగం, విన్నది సగం. విన్న సగం నాకు చెప్పినవాళ్ళు ఇద్దరు. ఇద్దరిలో ఒక్కడైనా కోతలరాయుడు అయి ఉంటే నాకు ఇన్నాళ్ళు నిద్ర చెడేది కాదు.

నాగులమ్మది ఆ పాలెమే. మొగుడు పోలేరయ్య. యాభై ఎనిమిదో సంవత్సరం కార్తీకంలో తెప్ప మీద వేటకు పోయి గాలివానకు చిక్కాడు. తోడు పోయిన ఇద్దరి శవాలూ ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. పోలేరయ్యది రాలేదు.

ఆ పాలెంలో ఒక కట్టుబాటు ఉండేది. సముద్రం శవాన్ని ఇవ్వనంతకాలం ఆ ఇంటి ఆడమనిషిని గాజులు తియ్యమని ఎవరూ అనకూడదు. ఎన్నేళ్ళయినా సరే. ఆమెకు ఆశ చచ్చిపోయిన రోజున ఆమే తన చేతులతో గాజులు తీసి నలుగురి ముందూ ఇవ్వాలి. ఆ రోజు నుంచే ఆమె విధవ. ఒకసారి ఇచ్చాక మళ్ళీ తొడగడం లేదు.

నాగులమ్మ ఇవ్వలేదు. పెద్ద బొట్టు పెట్టుకుని, చేతులనిండా ఎర్రగాజులు వేసుకుని, నెత్తిన గంప పెట్టుకుని తెల్లారేసరికి బోగోలు వచ్చేది. చిన్నది మస్తానమ్మ చంకలో, పెద్దది కొంగు పట్టుకుని. మా ఇంటికీ ఆమే చేపలు తెచ్చేది. బేరంలో మా ఆవిడ ఆమె మీద ఏనాడూ గెలవలేదు. మొగుడి ఊసెత్తితే మాత్రం నాగులమ్మ గొంతు తగ్గిపోయేది. "వస్తాడులే అమ్మా" అని గంప ఎత్తుకునేది.

ఆ ఇంటి పొయ్యి వెలిగిందంటే ఆ గంప వల్లే. కష్టం ఎవరికైనా ఉంటుంది. ఆమె కష్టానికి తోడు ఒక ఎదురుచూపు కూడా ఉండేది, అదే నాకు చూడలేనంత బాధగా ఉండేది.

నాలుగేళ్ళు గడిచాయి. పాలెం కుర్రాళ్ళు గంగమ్మ జాతరకు నాటకం ఆడాలనుకుని కావలి నుంచి హార్మోనీ మాస్టరు సంజీవరావు గారిని తెచ్చుకున్నారు. బక్కమనిషి, సన్న గొంతు, ఉబ్బసం. అయినా ఆయన వేళ్ళు మెట్ల మీద పడితే హార్మోనీ మనిషిలా మాట్లాడేది. రాజులూ కిరీటాలూ వద్దన్నాడాయన. "మీ బతుకే పాటల్తో ఆడదాం రా" అన్నాడు.

ఒకరోజు సాయంత్రం నాగులమ్మ గుడిసె ముందు కూర్చుని చిన్నదాన్ని నిద్రపుచ్చుతోంది.

"జోజో నా చిన్ని చేప, జోజో నా వెండి చేప,
నాయనొచ్చే యేళకు నిద్దర లేద్దువుగానీ..."

సంజీవరావు గారు దారిలో నిలబడిపోయాడు. నాటకం అక్కడే పుట్టింది. మొగుడు సముద్రం మీద పోతే గంప మోసి పిల్లల్ని సాకే తల్లి కథ. అడుగడుక్కీ పాట. కడపట మొగుడు తిరిగొచ్చి తడిక తడతాడు, ఇద్దరూ కలిసి పాడతారు, ఆపైన మంగళం.

ఆయన మర్యాదస్తుడు. పోయి ఆమెను అడిగాడు.

"ఆడుకోండయ్యా" అంది నాగులమ్మ. "నా జోలపాట పెట్టుకుంటే పెట్టుకోండి. ఒక్కటే నేనడిగేది. నా గాజులు మాత్రం పగలగొట్టబాకండి. ఉత్తుత్తికి గూడా."

"కడపట ఆయన వస్తాడమ్మా నా నాటకంలో" అన్నాడు మాస్టరు.

ఆమె మొహం వెలిగిపోయిందట. "అయితే నేను ముందు వరసలో కూసుంటా" అంది.

నాగులమ్మ వేషం మాల్యాద్రికి వచ్చింది. ఇరవై ఏళ్ళ కుర్రాడు, పాలెంలో అంత గొంతు ఇంకొకడికి లేదు. చీర కట్టి గంప నెత్తిన పెడితే మా ఆవిడే ఒకసారి "చేపలేమున్నాయి?" అని అడిగేట్టుండేవాడు.

జాతర దగ్గరపడింది. పాలెం పెదకాపు వచ్చి ఒద్దిక, అదే రిహార్సలు, చూశాడు. అంతా విని పెదవి విరిచాడు.

"బాగానే ఉండాది మాస్టరూ. కానీ ఏడుపు యాడ? జనం ఏడవకపోతే అది నాటకమా? మొగుడు రావడమేంది, సముద్రంలో పోయినోడు యాడొస్తాడు? గాజులు పగలగొట్టే పద్యం ఒకటి కట్టు. అది పడితే చుట్టుపక్కల పాలేలన్నీ చెప్పుకుంటాయి."

మాస్టరు గొణిగాడు. పెదకాపు వినలేదు. ఖర్చు ఆయనది, దిబ్బ ఆయనది, జాతర ఆయనది. తిరిగొచ్చే ఘట్టం ఇంకా ఎవరికీ నేర్పలేదు కూడా. దాన్ని తీసేశారు. గాజుల పద్యం వచ్చింది. ఆ సంగతి నాగులమ్మకు చెప్పే ధైర్యం ఒక్కరికీ లేకపోయింది.

జాతర రాత్రి దిబ్బ మీద లైట్లు నావే. రంగం రెండు వైపులా కట్టి, పంపు కొడుతూ పక్కనే ఉన్నాను. ఇసుక పోస్తే రాలనంత జనం. ముందు వరసలో నాగులమ్మ, ఒళ్ళో చిన్నది, పక్కన పెద్దది.

జోలపాట వచ్చింది. ఆమె కొంగుతో నోరు మూసుకుని నవ్వింది. తన పాట ఊరంతా వింటోంది మరి.

తర్వాత... సముద్రం నుంచి తలగుడ్డ ఒకటి కొట్టుకొచ్చే ఘట్టం. మాల్యాద్రి ఆ గుడ్డను గుండెకు హత్తుకుని పద్యం ఎత్తుకున్నాడు. రాగం తీస్తూ తీస్తూ రెండు చేతులూ రోటికేసి కొట్టాడు. గాజులు చిట్లి రంగమంతా పడ్డాయి.

జనం గొల్లుమన్నారు. ఆ వెంటనే — "వన్స్‌మోర్!"

మా వైపు పద్ధతి తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. జనం వన్స్‌మోర్ అంటే చచ్చినట్టు మళ్ళీ పాడాల్సిందే. చచ్చిపోయిన పాత్ర కూడా లేచి పాడి మళ్ళీ చావాలి. మాల్యాద్రి లోపలికి పోయి గాజులు తొడుక్కొచ్చి మళ్ళీ పాడాడు. మళ్ళీ పగలగొట్టాడు. పెదకాపు లేచి నిలబడి కండువా ఊపాడు.

"వన్స్‌మోర్!"

లోపల గాజులు అయిపోయాయి. తెర పక్కనుంచి ఒకడు తల బయటపెట్టి ముందు వరస ఆడవాళ్ళను బతిమాలాడు. "అమ్మా, ఎవురన్నా నాలుగు గాజులియ్యండమ్మా... మళ్ళీ కొనిస్తాం."

ముందు వరసలో ఆడవాళ్ళంతా చేతులు కొంగులో దాచుకున్నారు. అలాంటి పద్యానికి ఏ పుణ్యస్త్రీ గాజులిస్తుంది?

నాగులమ్మ లేచింది.

చిన్నదాన్ని పెద్దదాని ఒళ్ళో పెట్టింది. మెల్లగా రంగం దగ్గరికి నడిచింది. నా లైటు వెలుతురు ఆమె మొహాన పడింది, అందులో నాకు కోపం కనపడలేదు. కోపం కనపడినా బాగుండేది. ఒక్కొక్క గాజే తీసి మాల్యాద్రి చేతిలో పెట్టింది.

"ఎన్నిసార్లు చంపుతారబ్బాయ్ ఆయన్ని" అంది నెమ్మదిగా. "ఊరందరికీ ఇదే కావాలంటే... ఇంద."

బోసి చేతులతో పిల్లల్ని తీసుకుని చీకట్లోకి వెళ్ళిపోయింది.

మాల్యాద్రి చీరకట్టులో అలాగే నిలబడ్డాడు. చేతుల్లో ఎర్రగాజులు. పగలగొట్టలేకపోయాడు. హార్మోనీ ఆగిపోయింది. జనం ఒక్కొక్కరే లేచి, ఇసుకలో చప్పుడు కాకుండా జారుకున్నారు. మంగళం ఎవరూ పాడలేదు.

మంగళం పాడందే నాటకం అయిపోయినట్టు కాదు. రంగాన్ని అలా తెరిచి వదిలేస్తే అక్కడ ఏదో ఒకటి చేరుతుందని ముసలివాళ్ళు అంటారు. దిబ్బకు చెడ్డపేరు ఆ రాత్రే మొదలైంది.

మర్నాడు పొద్దున ముత్తైదువలు నాగులమ్మ గుడిసెకు వెళ్ళారు. తన చేత్తో తీసి నలుగురి ముందూ ఇచ్చింది కదా, ఇక కట్టుబాటు కట్టుబాటే అన్నారు. నాటకంలో ఇచ్చింది కూడా లెక్కేనా అని ఒక్కరైనా అడగలేదు. బొట్టు తుడిచారు. నాగులమ్మ ఎదురు చెప్పలేదు. ఆ మధ్యాహ్నం బోసి నుదురుతో మా వాకిట్లో గంప దించితే మా ఆవిడ లోపలికి పోయి ఏడ్చింది. ఆ రోజు బేరం ఆడలేదు.

సంజీవరావు గారు ఎవరికీ చెప్పకుండా హార్మోనీ భుజాన వేసుకుని కావలి వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళకు దిబ్బ మీద పాట మొదలైంది... జోలపాట, గాజుల చప్పుడు. ఆ గాజులు రంగం మీద చిట్లిన గాజులేనని, పోలేరయ్య ప్రాణమే ఆడగొంతుతో పాడుతోందని, తలొక కథ అల్లారు. తర్వాతి జాతర నుంచి నాటకాలు ఊళ్ళోకి మారాయి. నా లైట్ల అద్దె కూడా తగ్గింది, వెలుతురు ఎక్కువ అక్కర్లేదని.

ఇక్కడిదాకా నేను చూసింది. ఇకమీద సంజీవరావు గారు తన నోటితో నాకు చెప్పింది.

ఇంకో నాలుగేళ్ళకు, అంటే అరవై ఆరులో, జువ్వలదిన్నె వాళ్ళు నాటకం నేర్పమని ఆయనకు కబురు పెట్టారు. కాలువ మీద పడవెక్కాడు. నీళ్ళు తగ్గి పడవ మధ్యలో ఇసుకకు తగులుకుంది. పడవవాళ్ళు రేపు పొద్దున చూద్దాం లెమ్మని పడుకున్నారు. దోమలకు ఆగలేక ఆయన హార్మోనీ పడవలోనే వదిలి, గట్టెక్కి నడిచాడు. పాలెంలో మాల్యాద్రి ఇంట్లో తల దాచుకోవచ్చని.

పాలేనికి అడ్డదారి దిబ్బ మీదుగానే. అది ఏ దిబ్బో తోపు దాటేదాకా ఆయనకు తట్టలేదు.

సరుగుడు చెట్లు హోరుమంటున్నాయి. అవతల సముద్రం. కాలు ఇసుకలో దిగబడుతోంది. ఒక్కసారి గాలి ఆగింది...

"జోజో నా చిన్ని చేప..."

ఆయన అక్కడే ఆగిపోయాడు. ఆ రాగం ఆయనకు తెలియంది కాదు. ఆయన వేళ్ళతో వాయించిందే.

"...నాయనొచ్చే యేళకు నిద్దర లేద్దువుగానీ..."

గాజులు గలగలమన్నాయి. ఒకప్పుడు రంగం ఉన్న చోట చిన్న లాంతరు. లాంతరు పక్కన ఒక ఆడది, వీపు ఇటు. ఆయన ఊపిరి కూతపెడుతోంది, నోరు మూసుకున్నా ఆగడం లేదు. ఆ కూత వినపడినట్టుంది —

ఆమె తిరిగింది.

నుదుట రూపాయంత బొట్టు. చేతులకు ఎర్రగాజులు. మొహం... నాగులమ్మ మొహం.

ఆమెకు బొట్టు తుడిచిన సంగతి ఆయన కావలిలోనే విన్నాడు. విధవరాలు బొట్టుతో, గాజులతో కనపడిందంటే అర్థం ఒక్కటే అనుకున్నాడు. పోయి ఉంటుంది. నా వల్లే పోయి ఉంటుంది. చూపు దానంతటదే ఆమె పాదాల వైపు పోయింది. దెయ్యానికి పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయంటారు కదా.

"సక్కంగానే ఉండాయిలే మాస్టరయ్యా" అంది ఆమె. "బాగా సూసుకో. నేను సావలా."

ఆయన ఇసుకలో కూలబడ్డాడు. వెక్కి వెక్కి ఏడ్చానని దాచకుండా చెప్పాడు నాకు.

ఆమె చెంబులో నీళ్ళిచ్చింది. ఉబ్బసం సర్దుకునేదాకా ఏమీ అడగలేదు. తర్వాత తనే చెప్పింది, గొంతు పైకి రాకుండా.

ఆ గాజుల్ని మాల్యాద్రి పగలగొట్టలేదు, పారేయలేదు. నాటకమైన వారానికి ఒకరోజు ఆమె గంపలో చేపల కింద పెట్టి పోయాడు. ఇద్దరూ దాని గురించి మాట్లాడుకోలేదు. పగలు తొడిగితే ఊరు ఊరుకోదు. పిల్లలు పడుకున్నాక ఇక్కడికొస్తుంది. గాజులు తొడుక్కుంటుంది, బొట్టు పెట్టుకుంటుంది, సముద్రం వైపు చూస్తూ కూర్చుంటుంది. వేగుచుక్క పొడిచేలోగా అన్నీ తీసి కొంగున కట్టుకుని పోతుంది.

"పగలంతా ఊరు చెప్పినట్టు ఉంటాను. ఈ కొంచేపు నా మొగుడికి పెళ్ళాన్నయ్యా."

"ఊరంతా దెయ్యమంటున్నారు కదమ్మా..."

"అననీ. మనిషినని తెలిస్తే రానిస్తారా?"

అదే దిబ్బ మీద దెయ్యం. ఎనిమిదేళ్ళుగా మొగుడి కోసం చూస్తూ, నాలుగేళ్ళుగా ఆ చూపు కూడా దాచుకుంటున్న ఒక తల్లి.

"తప్పయిపోయింది తల్లీ" అన్నాడు మాస్టరు.

"నిన్నేమనుకుంటాను. ఊరు ఏడుపు కోరింది, నువ్వు కట్టినావు." గాజులు సర్దుకుంది. "నాకు దిగులు వేరే ఉండాదయ్యా. ఆయన వేటకు పోయిన పొద్దు చిన్నదాని కాల్లో జెల్లచేప ముల్లు గుచ్చుకుంది. గుక్కపట్టి ఏడస్తా ఉంది. ఎప్పుడూ ఒడ్డుదాకా పోయి తెప్ప తోసేదాన్ని, ఆ పొద్దు పోలా. పిల్లను పట్టుకుని తడిక కాడే నిలబడినా. తెప్ప అల మీదికి ఎక్కతా ఉంటే ఆయన యెనక్కి తిరిగి ఏందో అడిగినాడు. గాలికి నాకు ఇనపళ్ళా. ఊరికే చెయ్యి ఊపినా... ఏమడిగినాడో. ఎనిమిదేండ్లుగా అదే అనుకుంటుండా."

మాస్టరు లాంతరు వత్తి తగ్గించాడు.

"కడపట ఆయనొస్తాడని చెప్పింటివే. ఆ పాట ఏమైంది?"

"ఎవరికీ నేర్పలేదమ్మా. నా దగ్గరే ఉంది."

"నాకు నేర్పు."

ఆయన ఉబ్బసపు గొంతుతో, హార్మోనీ లేకుండా, లాంతరు వెలుతుర్లో నేర్పాడు.

"ఎవరది తడిక కాడ, ఈ యేళగాని యేళ?
గాలివా, వానవా, నా వాకిలెరిగిన కాలివా?"

రెండుసార్లకే ఆమెకు పట్టుబడింది. పాట పుట్టింది ఆమె గుడిసె ముందే కదా.

"దీని తర్వాత?"

"తర్వాత నువ్వు ఊరుకోవాలి. అక్కడ ఆయన పాడతాడు. అది మగవాడి సగం."

అది కూడా చెప్పమని ఆమె అడగలేదు. ఆయనా చెప్పలేదు. ఆమె తన సగం పాడి ఆగింది. సముద్రం హోరు తప్ప ఏమీ లేదు. మళ్ళీ పాడి మళ్ళీ ఆగింది. ఆ నిశ్శబ్దంలో కూర్చోవడం తనవల్ల కాలేదన్నాడు మాస్టరు.

లేస్తూ అన్నాడట, "అమ్మా, ఆ రాత్రి మంగళం పాడకుండా వదిలేశాం. ఇప్పుడు పాడి పోతాను. దిబ్బకు పీడ విరగడవుతుంది."

ఆమె ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది.

"అప్పుడే వద్దయ్యా. ఆయనింకా రాలేదు."

మాస్టరు పాలెంలోకి పోలేదు. వచ్చిన దారినే పడవకు తిరిగిపోయి, తెల్లవారగానే అటునుంచటే కావలి చేరాడు. జువ్వలదిన్నె నాటకం కూడా మానుకున్నాడు.

ఇక రెండో మనిషి మాల్యాద్రి చెప్పింది. అది ఆ తర్వాత రెండు నెలలకు.

తెల్లవారుజామున వేట నుంచి వస్తున్నాడు. ఒడ్డు మీదినుంచి సముద్రం మీదికి గాలి తోలుతోంది. తెప్ప ఇంకా అలల అవతలే ఉండగా దిబ్బ మీది పాట చెవిన పడింది. నాగులమ్మక్క గొంతేనని అతనికి తెలుసు. మొదటినుంచీ తెలుసు, ఎవరికీ చెప్పలేదు. అయితే ఈసారి జోలపాట కాదు, కొత్త పాట. అతను తెడ్డు ఆపి విన్నాడు. ఆమె పాడి ఆగింది.

ఆగిన చోట... ఇంకో గొంతు అందుకుంది.

మగగొంతు.

"మాస్టరుది కాదన్నా" అని ఒట్టు పెట్టాడు నా దగ్గర. "ఆయన కింద ఆర్నెల్లు పాడినోణ్ణి, నాకు తెలీదా? ఆయనది సన్న గొంతు. ఇది ఉప్పుగాలికి పగిలిన గొంతు, తెప్ప మీద కేకేసే గొంతు." మరి ఎవరిదిరా అంటే తల దించుకుని వల సర్దుకున్నాడు.

ఆ పొద్దు తెల్లవారాక జరిగింది మాత్రం నేను నా కళ్ళతో చూశాను. నాగులమ్మ పట్టపగలు, రూపాయంత బొట్టు పెట్టుకుని, ఎర్రగాజులు గలగలలాడించుకుంటూ, గంప నెత్తిన పెట్టుకుని బోగోలు వచ్చింది. మా ఆవిడ చేతిలో చేట కింద పడిపోయింది. పాలెంలో పెదకాపు పంచాయితీ పెట్టాడు. ఏ ధైర్యంతో తొడిగావని అడిగాడు.

"నా మాట నమ్మబాకండి" అందట నాగులమ్మ. "ఈ రేయి దిబ్బ కాడికి రండి. వచ్చి ఆయన్ని మీరే అడగండి."

పెదకాపు పోలేదు. ఎవరూ పోలేదు. పంచాయితీ అంతటితో ముగిసింది. ఆ గాజులు మళ్ళీ తియ్యమన్నవాడు లేడు.

అప్పటికీ నాకు నమ్మకం కుదరలేదు. లైట్లకు తగిలించే మేంటిళ్ళు కొనడానికి కావలి పోయినవాణ్ణి నేరుగా సంజీవరావు గారింటికి వెళ్ళాను. ఆయన హార్మోనీ ముందు కూర్చుని ఉన్నాడు. పైన చెప్పిన దిబ్బ సంగతంతా ఆయన నాకు చెప్పింది అప్పుడే. విని నేను తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాను.

"అయితే మాస్టారూ, మీరు మళ్ళీ ఒకసారి వెళ్ళి ఆమెతో పాడి వచ్చారు. పుణ్యం చేశారు లెండి."

"నేనా? ఆ రాత్రి తర్వాత అటు అడుగు పెట్టలేదు. ఉబ్బసంతో మంచం దిగితే కదా."

"ఆ మగవాడి సగం ఇంకెవరికైనా నేర్పారేమో?"

"ఎవరికీ చెప్పలేదు. కాగితం మీద కూడా పెట్టలేదయ్యా. నా మనసులోనే ఉండిపోయింది."

మాల్యాద్రి పాట ఒకసారి వింటే మరిచేవాడు కాదు. అతను నాకు చెప్పిన ముక్కలు నేను మాస్టరుకు చెప్పాను.

"గాలిని కానే, వానని కానే,
గంప దించవే ఇంక, బరువు నాకియ్యవే..."

హార్మోనీ తిత్తి మీద ఆయన చెయ్యి బిగిసిపోయింది.

"అది నాదే" అన్నాడు, గుసగుసగా. "అక్షరం పొల్లుపోకుండా నాదే. ఆపైన మంగళమే."

"ఇంకొక ముక్క ఉందే మాస్టారూ. అదీ పాడిందట కదా ఆ గొంతు."

"లేదు. నేను రాసింది అంతే."

వీధిలో ఎవరో బండి తోలుకుంటూ పోయారు.

"ఏమిటది?" అన్నాడు చివరికి.

చెప్పాను.

"పాప కాల్లో ముల్లు ఊడొచ్చిందా, నాగులూ? నడస్తా ఉండాదా?"